ముప్పై సెకన్ల చీకటి

పదహారు మెగాపిక్సెళ్ళు.
జేబులో ఉన్న ఫోన్ దీన్ని చూసి నవ్వుతుంది.
అయినా ఈ అరకిలో నల్ల డబ్బాని
స్వెట్టర్లో చుట్టి, పురిటి బిడ్డని తెచ్చినట్టు
గ్రిమ్స్‌బీ చేపల రేవుకి తెచ్చాను.

అమ్మినాయన క్లైవ్ బోరిల్.
బతుకంతా ఐస్ చేపల పెట్టెల మీద బొమ్మలు తీశాడు.
బొమ్మలో పొగలు కక్కే కాడ్ ముక్క
నిజానికి ఎప్పుడో చల్లారి, నూనె పూయించుకుని
మూడు గంటలు దీపాల కింద కూచుందట.
"ఇది కొన్న ఏడు ఈ డబ్బుకి
ఫ్రీమన్ వీధిలో ఇల్లొచ్చేది" అన్నాడు.
నేనిచ్చింది ఒక వారం నైట్ డ్యూటీలు.
లెక్కపెట్టుకోలేదు.
డబ్బా తిప్పి, బొటనవేలితో ఒకచోట తడిమి
"ఇక్కడో గీత పడుతుంది. చెప్పలేదనొద్దు."

సెన్సర్లో ఒక వరస చచ్చిపోయింది.
ప్రతి బొమ్మలో, కుడివైపు మూడో వంతు దగ్గర,
పైనుంచి కిందికి
పాపిట తీసినట్టు.

దీనితో కాపురం మాటలు కాదు.
ఐఎస్ఓ యాభై దాటితే అలుగుతుంది.
బ్యాటరీ నలభై బొమ్మలకి చేతులెత్తేస్తుంది,
చలిలో అయితే పాతిక్కే.
వెనకున్న తెర అగ్గిపెట్టెంత,
దాని రంగులు నమ్ముకుంటే నట్టేట మునిగినట్టే.
దీని భాష తెలిసిన ల్యాప్‌టాప్ ఇంట్లో ఒక్కటే ఉంది,
కీలు విరిగితే దానికి ఆసుపత్రి పట్టీ కట్టాను.
ఫిల్ము చూసినంత మేర ఇది చూడలేదు,
అందుకని గాజు మీద పెన్సిల్‌తో చిన్న చదరం గీసుకున్నాను.
చదరం బయట కూడా లోకం కనిపిస్తుంటుంది,
అది మనది కాదంతే.

నడుం దగ్గర పట్టుకుని తలొంచి చూడాలి.
ఎడమకి ఎగిరే సీగల్ గాజులో కుడికి పోతుంది.
మొదటి నెలంతా దాని వెంట తప్పుదోవనే తిరిగాను.

ఆసుపత్రిలో నా పని ఎక్స్‌రే.
ఊపిరి పీల్చండి. బిగబట్టండి. వదలండి.
నేను చేరేనాటికే ఫిల్ము పోయింది.
తెర మీద పక్కటెముకలు చిటికెలో వస్తాయి,
కళ్ళారా చూసేలోగా
తర్వాతి మనిషి గౌను ముడేసుకుని సిద్ధం.

ఇక్కడ అలా కుదరదు.
మూతపడ్డ ఐస్ ఫ్యాక్టరీ ముందు, నవంబరు, సాయంత్రం నాలుగు.
షట్టర్ తెరిచాను. ముప్పై సెకన్లు.
పగిలిన కిటికీ, తుప్పు, ఇటుకల సందులో మొలిచిన పొద
ఒక్కొక్కటీ తన వాటా వెలుగు తెచ్చి
పాలకేంద్రంలో పోసినట్టు పోసి పోతోంది.
షట్టర్ మూసుకుంది.
అయిపోలేదు.

ఈ ముసలిది కళ్ళు మూసుకునే
ఇంకో ముప్పై సెకన్లు చీకటిని బొమ్మ తీస్తుంది.
ఎదురుగా ఏమీ లేనప్పుడు తనకేం కనబడుతోందో,
ఏ చుక్కలు తనలోంచే పుట్టాయో రాసుకుని
చూసినదాంట్లోంచి కొట్టేస్తుంది.

ఇది తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.
పోయిన మార్చిలో ఒకావిడ ఊపిరితిత్తి మీద మచ్చ.
చూశాను. చెప్పడం నా పని కాదు.
"కోటు మరిచిపోకండి" అన్నాను,
వెనకే "తర్వాత ఎవరండీ?" అని కూడా.

చిన్న ఫ్యాను గురక పెట్టింది,
కూత పెట్టింది. బొమ్మ వచ్చింది.
చేతులు కొంకర్లు పోయి
కార్డు రెండుసార్లు జారి నేలపడింది.

అచ్చు వేయించి క్లైవ్‌కి తీసుకెళ్ళాను.
ఫ్యాక్టరీని చూడనేలేదు.
కళ్ళజోడు నుదుటి మీదికి తోసి
గీత కోసం వెతికాడు, దొరికాక
పాత మచ్చ తడుముకున్నట్టు గోటితో వెంట నడిచాడు.
లేచి లోపలికెళ్ళి
మడతలు పడ్డ ఖాళీ అట్టపెట్టె ఒకటి తెచ్చాడు.
వేడి వేడి కాడ్ ముక్క, పక్కన నిమ్మచెక్క,
మధ్యలో పైనుంచి కిందికి తెల్లటి వెంట్రుకంత.

"మొదట ఇక్కడ పడింది. నేను చూసేసరికి
నాలుగు లక్షల పెట్టెలు అచ్చయిపోయాయి."

ఎవరూ అడగలేదా?

"లేదు" అన్నాడు క్లైవ్ బోరిల్.
"అందరూ ఆవిరి అనుకున్నారు."